పొయ్యి పైన నాలుగో రోజు

జూన్ 9

పొట్టీ,

క్షేమసమాచారాలు అడగను. కోపంగా ఉన్నాను కాబట్టి బతికే ఉన్నానని తెలుసుకో. ఫోన్ చేస్తే నాలుగో మాటకి పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు, అందుకని రాస్తున్నాను.

నాన్న మడతకత్తి మొన్న పార్శిల్లో వచ్చింది. వచ్చిందే గానీ తెరుచుకోలేదు. బ్లేడు మీద గోరు ఆనించే గీత ఉంటుంది చూడు, అక్కడ గోరు పెట్టి లాగితే గోరు విరిగింది. రెండో చేత్తో లాగితే అదీ విరిగింది. అప్పటికి నర్సరీలో ఆరువందల గులాబీ మొక్కలు వరసగా పెట్టుకుని, అంటు కట్టడానికి మొగ్గ కన్నులున్న పుల్లలు కోసి తెచ్చుకుని కూర్చున్నాను. పదిమంది చూస్తున్నారు. మా యజమానురాలు వచ్చి, "మేస్త్రీ, మీ నాన్నగారి కత్తి, నాన్నగారి కత్తి అంటూ ఏడాదిగా చెప్తున్నారు, ఈ కర్రముక్కేనా?" అంది. ఆఫీసులో కవర్లు చించే బ్లేడు తెచ్చుకుని పని కానిచ్చాను. ఎన్ని కన్నులు పట్టాయో నన్ను అడగకు.

నువ్వేం చేశావో నాకు తెలుసు. పిడికి అడ్డంగా ఉన్న ఇత్తడి చీల మీద సుత్తి దెబ్బలు కనిపిస్తున్నాయి. బ్లేడు తిరిగేది ఆ చీల మీదే. దాన్ని కొడితే పిడి బిగుసుకుంటుందని అంటు కట్టేవాడి కూతురికి నేను చెప్పాలా? పిడి మడమని బల్లకేసి కొట్టగా కొట్టగా బ్లేడు మొన బియ్యపు గింజంత పైకి లేచింది. గుడ్డ చుట్టి పటకారుతో లాగాను. ఉప్పుకాగితం మడిచి బ్లేడు దిగే గాడిలో పెట్టి రెండు పక్కలా గీకాను, కొవ్వొత్తి మైనం రుద్దాను. ఒక పూటంతా దానికే సరిపోయింది. ఇప్పుడు ఒక్క వేలితో వస్తోంది.

నాన్న పోయేముందు ఏమన్నాడు? కత్తి ఒకరిది కాదు, పని ఎవరికుంటే వాళ్ళ దగ్గరుండాలి అన్నాడు. నీకు నిమ్మ అంట్లు ఫిబ్రవరిలో, ఆగస్టులో. నాకు గులాబీలు జూన్లో, నవంబర్లో. ఆ మాట మీద నిలబడి పంపుకుంటున్నాం. పంపేటప్పుడు కత్తిలా పంపు.

కొండమీద పదిరోజులుగా పొగమంచు. ఆదివారం ఉతికిన చొక్కా ఇంకా ఆరలేదు, అగ్గిపుల్ల వెలగదు. మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

అన్నయ్య


జూన్ 22

అన్నయ్యకి, అంటే వయసులో మాత్రం అన్నయ్యకి,

నీ ఉత్తరం మధ్యలో రెండుసార్లు పెట్టేశాను. మీ బావ తీసి మళ్ళీ చేతిలో పెట్టారు.

అవును, చీల మీద రెండు దెబ్బలు వేశాను. రెండంటే రెండు, అవీ చిన్న సుత్తితో. నాన్న సామాన్లలోంచి తెచ్చిన రెండు వారాలకే బ్లేడు అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఊగే కత్తితో నిమ్మ కన్ను తియ్యమంటావా? పార్శిల్ కట్టేముందు ఒక్క వేలితో తెరిచి, నిమ్మకాయ కోసి, తుడిచి పెట్టాను. అది కర్రముక్క ఎలా అయిందో దారిలో పోస్టు వాళ్ళని అడుగు. లేకపోతే నీ వేళ్ళని అడుగు. యజమానురాలి ముందు పరువు పోయిందని నా మీద పడితే నేనేం చెయ్యను?

నాకు మండింది దానికి కూడా కాదు. ఉప్పుకాగితం పెట్టి గీకావా? నాన్న నలభై ఏళ్ళు పట్టుకున్న చెక్కనా? నేను దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో నీకు తెలియదు. నాన్న నా దగ్గరికి వచ్చినప్పుడల్లా కన్నుల పుల్లలు చుట్టిన తడి గోనెపట్టలోనే కత్తిని కూడా దోపేసేవాడు. తుప్పు పడుతుంది నాన్నా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవిన వేసుకోలేదు. నేనలా చెయ్యను. తుడిచి, నూనె గుడ్డ చుట్టి, అలమరలో పైన పెడతాను.

నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పాడు నాన్న. నాకెవరూ నేర్పలేదు. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. ఇవాళ మా నర్సరీలో అంటు కట్టే ఆడదాన్ని నేనొక్కదాన్నే. కత్తి గురించి నాకు పాఠాలు చెప్పకు.

ఇక్కడ ఎండకి పెదవులు పగిలిపోతున్నాయి. వీధి తలుపు గొళ్ళెం దగ్గర ఖాళీ వచ్చి, గాలి వీస్తే చాలు టకటక కొట్టుకుంటోంది. బాగుచెయ్యమని మీ బావకి చెప్పి మూడు నెలలైంది. మీ మగవాళ్ళందరూ ఒకటే.

వదినని నేనే అడిగాను, నీ ద్వారా కాదు.

చెల్లెలు


ఆగస్టు 27

అన్నయ్యా,

ఎడమచేతి చూపుడు వేలికి మూడు కుట్లు పడ్డాయి. రాసేది కుడిచేత్తో కాబట్టి నీకు ఈ ఉత్తరం తప్పలేదు.

కత్తి పన్నెండో తారీఖున వచ్చింది. వచ్చినప్పుడు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈ ఏడు ఇక్కడ ఇంకా వానల్లేవు, ఎండే. వారం తిరిగేసరికి బ్లేడు దానంతటదే పడిపోవడం మొదలెట్టింది. పిడి పట్టుకుని కిందికి వంచితే చాలు, తెరుచుకునేది. మళ్ళీ వంచితే మూసుకునేది. నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం బెరడు మీద అడ్డగీత పెట్టి, నిలువుగీత లాగబోతున్నాను. మధ్యలో మూసుకుంది. పిడికి ఆసరాగా పెట్టిన ఎడమ వేలు గాడిలో ఉంది.

గీకావుగా. గీకి గీకి గాడిని కాలవ చేశావు. మైనం కూడా రుద్దావు, ఇంకా బాగా జారాలని. జూన్లో నీ పరువు పోయిందని ఆగస్టులో నా వేలు తీశావు. తెలిసి చేశావని అనడం లేదు. అనడం లేదు గానీ, కుట్లు వేస్తున్నంతసేపూ అదే అనుకున్నాను. ఇది కూడా దాచను.

నర్సు అడిగింది, ఎలా తెగిందమ్మా అని. మా అన్నయ్య పంపాడు అన్నాను. ఆవిడ కట్టు ఇంకో చుట్టు చుట్టింది.

కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి చీలని రెండువైపులా సరిగ్గా కొట్టించాను. ఈసారి రెండు దెబ్బలు కాదు, లెక్కపెట్టలేదు. ఇప్పుడు బిగువుగా, కత్తిలా ఉంది. ఈ లోపల నేను కోసి పెట్టుకున్న నిమ్మ కన్నులన్నీ ఎండి నల్లబడ్డాయి. కట్టు కట్టిన వేలితో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

చెల్లెలు


సెప్టెంబర్ 8

పొట్టీ,

వేలు ఎలా ఉంది? ముందు అది రాయి. కుట్లు తీశారా, వేలు వంగుతోందా, కన్నుని పట్టుకోగలుగుతున్నావా? మీ వదిన ఆ ఉత్తరం చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనే ఏదో చేశానని తను కూడా నమ్మింది.

ఇప్పుడు నా మాట విను. పార్శిల్ కట్టేముందు మీ వదిన ఎదురుగా ఇరవైసార్లు తెరిచి మూశాను. ఒక్కసారి కూడా దానంతటది పడలేదు. కావాలంటే వదినని అడుగు. వారం తర్వాత వదులైందంటున్నావు. ఆ వారం అది ఎవరి చేతిలో ఉంది? నువ్వే ఏదో చేసి వదులు చేసుకున్నావు, వేలు తెగేసరికి నా మీద పెట్టావు. చిన్నప్పుడు కూజా పగలగొట్టి నా వైపు చూపించినప్పుడు కూడా ఇలాగే ఏడ్చావు.

నన్ను కూర్చోబెట్టి నేర్పాడని రాశావు. నేర్పాడు. నేర్పి, కత్తి మాత్రం ఇవ్వలేదు. నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. నాన్న ఈ కొండెక్కి నా దగ్గరికి వచ్చింది మొత్తం మూడుసార్లు. మూడుసార్లూ చెప్పులు విప్పకముందే కత్తి తీసి పొయ్యి పైన చెక్క అరలో పెట్టేవాడు. టీ తాగకముందే. నేను చెయ్యి చాపితే, "ఉండనీ, ఇప్పుడే ముట్టుకోకు" అనేవాడు. మూడు రోజులు దాన్ని అక్కడే కాపలా కాసేవాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న కొడుకుని, మేస్త్రీ అని జనం పిలిచే కొడుకుని, కత్తి ముట్టుకోనివ్వలేదు. నీ దగ్గరికి వస్తే మాత్రం గోనెపట్టలో దోపి, నీ ముందే పడేసేవాడు. నువ్వే రాశావు. నీ చెయ్యంటే ఆయనకి నమ్మకం. నా చెయ్యంటే లేదు.

ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఇవాళ అనిపించావు.

అన్నయ్య


నవంబర్ 24

చెల్లెలికి,

ఇదే చివరి ఉత్తరం అనుకుంటున్నాను.

కత్తి వచ్చింది. మొదటి రెండు రోజులు పర్వాలేదు. ఐదో రోజుకి బిగుసుకుంది. జూన్లో బిగుసుకున్నది దీని ముందు ఎంత. నేను పిడి పట్టుకుని, మీ వదిన పటకారుతో బ్లేడు పట్టుకుని, వంటింట్లో ఇద్దరం తాడులాగే పందెం ఆడాం. ఆమె వెనక్కి పడింది. బ్లేడు కదల్లేదు. కమ్మరి చేత కొట్టించానని గొప్పగా రాశావు కదా, బాగా కొట్టాడు. వాడికి నా నమస్కారాలు చెప్పు.

ఎలాగో తెరిచి, ఆరు ముక్కల ఉప్పుకాగితం అరిగేదాకా గీకాను. వారం పని చేసింది. మళ్ళీ బిగుసుకుంది. చీల లోపల ఏం పోయించావో నాకు అర్థం కావడం లేదు. యజమానురాలు ఈసారి నవ్వలేదు. "మేస్త్రీ, మీకు ఆరోగ్యం బాగానే ఉంది కదా?" అని అడిగింది. నవ్వినా బాగుండేది. వచ్చే ఏడాది అంట్లకి ఇంకో మనిషిని చూస్తున్నారని తోటలో చెప్పుకుంటున్నారు.

కాబట్టి నా నిర్ణయం ఇది. కత్తి ఇకమీదట నా దగ్గరే ఉంటుంది. వచ్చే నెల ఉలి తెచ్చి ఆ గాడిని నాకు కావలసినంత వెడల్పు చేసుకుంటాను. నీకు కొత్త కత్తి కొని పంపుతాను, మంచిదే. నాన్న మాట అంటావా, ఆయన నన్ను నమ్మినంతే నేనూ ఆయన మాటని నిలబెట్టాను.

వేలి సంగతి నాలుగు వాక్యాలు రాయలేకపోయావు.

అన్నయ్య


జనవరి 6

అన్నయ్యా,

ఇది నేను రాయాలనుకున్న ఉత్తరం కాదు. పోయిన నెల మీ ఇంటినుంచి వచ్చిన మర్నాడు మూడు పేజీలు రాశాను. అందులో నువ్వు అన్నవన్నీ ఉన్నాయి. రెండు రోజులు ప్రయాణం చేసి, కొండెక్కి, నీ గుమ్మంలో అడుగు పెడితే, కూర్చోమనకుండా కత్తి తెచ్చి బల్లమీద పెట్టి "తెరువు" అన్నావు. తెరవలేకపోయాను. నా గోరూ విరిగింది. "నాన్న నీకు ఇచ్చాడు, నాకు చూపించాడు" అన్నావు. వదిన పెట్టిన టీ ఎవరూ తాగలేదు. ఉలి పెట్టకముందే నేను దాన్ని తెచ్చేసుకున్నానంటే అది వదిన పుణ్యమే. ఆవిడే గుడ్డలో చుట్టి, దారం కట్టి, నా సంచిలో పెట్టింది. నువ్వు పెరట్లోకి వెళ్ళిపోయావు.

ఆ మూడు పేజీలూ చించేశాను. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా చదువు.

ఇంటికొచ్చి ఆ మూటని కిటికీ గట్టు మీద పడేశాను. దాని మొహం చూడబుద్ధి కాలేదు. తొమ్మిది రోజులు అలాగే పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదని ప్రమాణం చెయ్యక్కర్లేదు. వదిన ముడి నీకు తెలుసు, పళ్ళతో తప్ప రాదు. పదో రోజు పళ్ళతోనే విప్పాను. బొటనవేలు ఆనించగానే తెరుచుకుంది. నీ బల్లమీద ఇద్దరి గోళ్ళు విరిచిన కత్తి, అన్నయ్యా. సుత్తి లేదు, ఉప్పుకాగితం లేదు, మైనం లేదు. కిటికీ గట్టు, ఎండ, అంతే.

వెంటనే నమ్మలేదు. తడి గోనెపట్టలో చుట్టి రెండు రోజులు ఉంచాను. బిగుసుకుంది. మళ్ళీ గట్టు మీద పెట్టాను. వదులైంది. మళ్ళీ తడిపాను. మీ బావ నాకేదో అయిందనుకున్నారు. ఆయనకి వీధి తలుపు చూపించాను. వానాకాలంలో తెరుచుకోని తలుపు, ఎండాకాలంలో టకటక కొట్టుకునే తలుపు. పదేళ్ళుగా ఆయన్ని తిడుతున్నాను దాని గురించి.

పిడి చెక్క అన్నయ్యా. నీ మంచులో ఉబ్బుతుంది, నా ఎండలో ఎండి ముడుచుకుపోతుంది. నువ్వు చాలదన్నట్టు గీకావు, నేను చాలదన్నట్టు కొట్టాను. నీ గీకుడికీ నా దెబ్బలకీ సరిపోయింది కాబట్టి అదింకా కత్తిలా ఉంది. ఉలి పెట్టి ఉంటే ఇవాళ నీకు రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు సెప్టెంబర్లో నువ్వు రాసిన ఉత్తరం తీసి చదువు. నీ దగ్గర లేకపోతే నా దగ్గరుంది. నాన్న కొండెక్కగానే కత్తిని ఎక్కడ పెట్టాడని రాశావు? పొయ్యి పైన. మూడు రోజులు. నా దగ్గరికి వస్తే ఎక్కడ దోపేవాడు? తడి గోనెలో. నేను శుభ్రత తెలియని మనిషి అని ఆయన్ని తిట్టాను. నువ్వు నమ్మకం లేని మనిషి అనుకున్నావు. ఆయన నీ చేతికి ఇవ్వకుండా దాచలేదు. ఆరబెడుతున్నాడు. నీ చేతికి బిగుసుకున్న కత్తి ఇవ్వడం ఇష్టంలేక.

కత్తి పంపుతున్నాను. ఫిబ్రవరి నాది, అయినా పంపుతున్నాను. ముట్టుకోకు. పొయ్యి పైన పెట్టు.

వేలు వంగుతుంది. చివర కొంచెం తిమ్మిరి, అంతే.

పొట్టి


జనవరి 27

పొట్టీ,

నీ మాట నమ్మలేదు. నువ్వు తప్పొప్పుకోకుండా ఉండటానికి తలుపుల్నీ గోనెల్నీ సాక్ష్యానికి తెచ్చావనుకున్నాను. ఆ కోపంతోనే కత్తిని రెండు రోజులు కిటికీలో మంచుకి వదిలేశాను, చూద్దాం అని. బిగుసుకుంది. అప్పుడు తీసుకెళ్ళి పొయ్యి పైన పెట్టాను. మీ వదిన అరకి అడ్డంగా గరిటె పెట్టి, నాలుగో రోజు దాకా అటు వస్తే గరిటెతోనే సమాధానం చెప్తానంది.

నాలుగో రోజు పొద్దున్న తీశాను. చిటికెన వేలితో తెరుచుకుంది. నాన్న చేతిలో తెరుచుకునేటప్పుడు చివర టక్ మని ఒక చప్పుడు వచ్చేది, గుర్తుందా? ఆ చప్పుడే. మీ వదిన పక్కగదిలోంచి, "ఎవరొచ్చారు?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ మీద కాదు. ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయేది? "చెక్క తడిసిందిరా, ఆరనీ" అంటే అయిపోయేది కదా. మూడు ముక్కలు. మనిద్దరినీ ఎనిమిది నెలలు పోట్లాటలో పెట్టి, నీ వేలికి కుట్లు పడనిచ్చి, నన్ను ఉలి దాకా తెచ్చి, హాయిగా పోయాడు. ఎదురుగా ఉంటే అడిగేవాణ్ణి. పొద్దుటినుంచి ఇల్లంతా తిరుగుతూ అడుగుతూనే ఉన్నాను. మీ వదిన అడ్డం రాలేదు.

ఒక సంగతి సెప్టెంబర్లో నీకు రాయలేదు. మీ వదినకి కూడా తెలియదు. నాన్న మూడోసారి, ఆఖరిసారి వచ్చినప్పుడు, నాలుగో రోజు పొద్దున్న నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చాడు. అరలోంచి తీసిన కత్తి మడిచి, పిడి నా వైపు పెట్టి చాపాడు. "ఇవాళ దీంతో కట్టు" అన్నాడు. మూడు రోజులు ముట్టుకోనివ్వలేదన్న కోపం నాకింకా తగ్గలేదు. "నాకు నా కత్తి ఉంది" అన్నాను. ఆయన పిడిని బొటనవేలితో ఓసారి తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు బస్సెక్కాడు. అంతే, మళ్ళీ రాలేదు.

నాకు ఇవ్వలేదని ఇన్నేళ్ళూ లోలోపల అనుకున్నాను. ఇచ్చాడు పొట్టీ. నేనే తీసుకోలేదు.

కత్తి వేరే పార్శిల్లో పంపాను. ఫిబ్రవరి నీది. బ్లేడుకి మైనం రాసి, పిడికి మాత్రం తడి గోనె చుట్టాను. పోస్టాఫీసు గుమాస్తా పెట్టె కారుతోంది, తీసుకోనన్నాడు. అరగంట పోట్లాడాను. చాలాకాలం తర్వాత చేసిన న్యాయమైన పోట్లాట. చివరికి వాడే ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఇచ్చాడు.

గోనె ఆరిపోయి ఉంటే ముందు తడుపు. చీల మీద సుత్తి పెట్టకు. కూజా పగలగొట్టింది నేనే.

అన్నయ్య